మత్తు డాక్టరు ఆ ప్రశ్న ఎందుకు అడిగారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఊళ్లు వేరు, జబ్బులు వేరు. కానీ ఎక్కువమంది అడిగింది ఒకటే: పక్కవాళ్లకు పడిన మందు మాకెందుకు పడలేదు? వాళ్లకు చాలిన డోసు మాకెందుకు చాలడం లేదు? 35 ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేసినదాన్ని. ఒకే మందు, ఒకే డోసు, ఒకే బరువున్న ఇద్దరికి ఇచ్చి, ఇద్దరూ రెండు రకాలుగా స్పందించడం రోజూ కళ్లారా చూశాను. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు. ఉత్తరాలను కాస్త కుదించాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయికి 24 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, లాపరోస్కోపీ చేసి తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చూపించమంటే తీసుకెళ్లాం. బీపీ, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూశాక ఆయన ‘మీరు ఆర్యవైశ్యులా?’ అని అడిగారు. అవునన్నాం. ‘మీ దంపతులది మేనరికమా?’ అన్నారు. దానికీ అవునన్నాం. వెంటనే ఇంకో రక్తపరీక్ష రాశారు. మావారికి చాలా కోపం వచ్చింది. జబ్బు చూడమంటే కులం అడగడమేమిటి, ఇదంతా డబ్బు గుంజడానికే అంటున్నారు. వేరే ఆసుపత్రికి వెళ్దామని పట్టుబట్టి కూర్చున్నారు. మేమేం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ ప్రశ్న అడిగిన డాక్టరు దగ్గరే మీ అమ్మాయికి ఆపరేషన్ చేయించండి. మీవారి కోపం నాకు అర్థమవుతోంది. కులం అడిగితే మనసు చివుక్కుమనడం సహజం. ఎందుకు అడుగుతున్నారో ఆ డాక్టరు నాలుగు మాటల్లో చెప్పి ఉండాల్సింది. ఆయన చెప్పకుండా వదిలేసింది నేను చెబుతాను.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి గొంతులోంచి ఊపిరి గొట్టం వేస్తాం. అది సులువుగా దిగాలంటే ఒంట్లో కండరాలన్నీ కాసేపు వదులైపోవాలి. అందుకు వాడే మందుల్లో పాతదీ, బాగా వేగంగా పనిచేసేదీ సక్సినైల్‌కోలిన్. మేం స్కోలిన్ అంటాం. నరంలోకి ఎక్కించిన నిమిషంలో మనిషి కదలలేడు, సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ఆ కాసేపూ ఊపిరి మేమే అందిస్తాం. మామూలుగా 5 నిమిషాల్లో, మహా అయితే 10 నిమిషాల్లో మందు ప్రభావం పోతుంది. దాన్ని విరగ్గొట్టేది మన రక్తంలో ఉండే ఒక ఎంజైము. దాని పేరు బ్యూటిరిల్ కోలినెస్టరేజ్. కాలేయం తయారుచేస్తుంది.

కొందరికి ఈ ఎంజైము పుట్టుకతోనే దాదాపుగా ఉండదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే జన్యువుల్లో రెండూ మారిపోయి ఉంటే అలా జరుగుతుంది. దానివల్ల రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. తిండి అరుగుతుంది, చదువుకుంటారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లవుతారు. ఆ మందు ఒంట్లోకి వెళ్లిన రోజే సంగతి బయటపడుతుంది. 5 నిమిషాల్లో పోవాల్సిన ప్రభావం కొన్ని గంటలు ఉండిపోతుంది.

ఈ లోపం ఏ కులంలోనైనా ఉండొచ్చు. అయితే ఆర్యవైశ్యుల్లో మిగతావారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతి దక్షిణాది మత్తు డాక్టర్లకు అనుభవం మీద ఎప్పటినుంచో తెలుసు. దానికి కారణమైన జన్యు మార్పును కోయంబత్తూరు పరిశోధకులు 2006లో ప్రచురించారు. 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, అమెరికాలో హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్, వాళ్ల సహచరులు కలిసి చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో ఇలాంటి ‘కొద్దిమంది పూర్వీకుల’ ముద్ర, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లలో, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో కంటే బలంగా కనిపించింది. వైశ్యులు అందులో ఒకరు మాత్రమే. వందల ఏళ్ల కిందట కొద్ది కుటుంబాలుగా ఉన్నవాళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే, అప్పటి ఒక్క పూర్వీకుడిలో ఉన్న మార్పు ఇప్పుడు లక్షల మందిలోకి చేరుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఎవరి గొప్పా లేదు. మేనరికం లేకపోయినా సరే, సమూహం లోపలే సంబంధాలు చేసుకుంటూ వస్తే ఇదే జరుగుతుంది. మేనరికం ఉంటే ఒకే తాత జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఇంకాస్త పెరుగుతుంది. మీ డాక్టరు రెండో ప్రశ్న అడిగింది అందుకే.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 1984. ఎండీ అయి రెండేళ్లయింది. కోస్తాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. 19 ఏళ్ల కుర్రాడికి రాత్రిపూట అపెండిక్స్ ఆపరేషన్. స్కోలిన్ ఇచ్చి గొట్టం వేశాను. సర్జన్ పని ముక్కాల్ గంటలో అయిపోయింది. మత్తు గ్యాసు ఆపేశాను. కుర్రాడు ఊపిరి తీయలేదు. పది నిమిషాలు చూశాం, అరగంట చూశాం. వేలు కూడా కదల్లేదు. అక్కడ వెంటిలేటర్ లేదు. చేత్తో బ్యాగు నొక్కుతూ నిలబడ్డాను. నాడి 130కి పోయింది. ఎందుకా అని మొహంలోకి చూస్తే, కంటి చివర నుంచి నీళ్లు కారుతున్నాయి.

తెలివి వచ్చేసింది. అన్నీ వింటున్నాడు, నొప్పి తెలుస్తోంది, కనురెప్ప కూడా ఎత్తలేకపోతున్నాడు. ఆ క్షణం నా కాళ్లు వణికాయి. వెంటనే మళ్లీ నిద్రపట్టే మందు ఇచ్చి, చెవి దగ్గర వంగి చెప్పాను: ‘బాబూ, నీకేమీ కాలేదు. మందు దిగడానికి టైం పడుతోంది. నీ ఊపిరి నేను అందిస్తున్నాను. నేనెక్కడికీ పోను.’ ఒక చెయ్యి నొప్పెడితే ఇంకో చెయ్యి మార్చుకుంటూ, మధ్యలో నర్సమ్మకు అందిస్తూ, తెల్లవారుజామున 3 గంటల దాకా బ్యాగు నొక్కాం. 3 దాటాక బొటనవేలు కదిలింది. మర్నాడు ఆ అబ్బాయి నేను చెవిలో చెప్పిన మాటల్ని ఒక్కటీ పోకుండా నాకే అప్పజెప్పాడు.

ఆ పొద్దున వరండాలో కూర్చున్న వాళ్ల నాయనమ్మ అంది: ‘మా ఆడపడుచు కొడుక్కీ ఇలాగే అయిందమ్మా, మద్రాసులో. ఒక పూటంతా తెలివి రాలేదు.’ ఆమెను ఆ మాట ఆపరేషన్‌కు ముందు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ అబ్బాయి కంట్లో నీళ్లకు కారణం నేను అడగని ఆ ఒక్క ప్రశ్నే. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ కులం వాళ్లనైనా సరే, ‘మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెలివి రావడం, ఊపిరి రావడం ఆలస్యమైందా?’ అని అడగకుండా మత్తు ఇవ్వలేదు.

కాబట్టి మీ అమ్మాయికి రాసిన పరీక్ష చేయించండి. సీరమ్ కోలినెస్టరేజ్ అంటారు. మామూలు రక్తపరీక్షే. ఎంజైము తక్కువని వస్తే ఆపరేషన్ ఆగిపోదు. స్కోలిన్ బదులు వేరే మందు వాడతారు. రోక్యురోనియం, అట్రాక్యురియం లాంటివి ఈ ఎంజైము మీద ఆధారపడవు. ఒక జాగ్రత్త: గర్భిణులకు, కాలేయ జబ్బున్నవాళ్లకు, పొలంలో పురుగుమందు కొట్టి దాని ప్రభావం పడినవాళ్లకు కూడా ఈ ఎంజైము తగ్గుతుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. అందుకని రిపోర్టు చూసి మీరే ఒక నిర్ణయానికి రాకుండా ఆ డాక్టరుతోనే మాట్లాడండి.

పుట్టుకతోనే ఎంజైము లేదని తేలితే మరో రెండు పనులున్నాయి. ఒకటి, ‘ఈమెకు సక్సినైల్‌కోలిన్, మివాక్యురియం ఇవ్వకూడదు’ అని (ఈ రెండో మందునూ విరగ్గొట్టేది అదే ఎంజైము) డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి, లామినేషన్ చేయించి, ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టించండి. రేపు కాన్పుకు అర్ధరాత్రి సిజేరియన్ చేయాల్సి వస్తే, ఆ కార్డే మాట్లాడుతుంది. రెండోది, ఆమె అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు కూడా ఇదే పరీక్ష చేయించండి. ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. కోపం తగ్గాక ఆయన చేతే మీ రెండు వైపుల పెద్దవాళ్లకు ఫోన్ చేయించి, ఎవరికి ఏ ఆపరేషన్‌లో ఏమైందో ఒక కాగితం మీద రాయించండి. ఆపరేషన్ రోజు ఆ కాగితం మత్తు డాక్టరు చేతికివ్వండి.

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. మూడు నెలల కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. కడుపులో మంటగా ఉంటోందని మెడికల్ షాపులో అడిగి ఒమెప్రజోల్ తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నారు. బెంగళూరులో ఉన్న మా మరిది ఫోన్ చేసి, క్లోపిడోగ్రెల్ మన ఇండియన్స్‌కి సరిగా పనిచేయదట, జీన్ టెస్ట్ చేయించండి అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. మందు మానేయాలా? (ఖమ్మం)

జవాబు: మానేయకూడదు. ఒక్క పూట కూడా. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో ఈ మందు ఆపితే, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది. ముందు ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి, తర్వాత మిగతాది చదవండి.

మీ మరిది చెప్పినదాంట్లో కొంత నిజముంది. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు అది ఇంకా మందు కాదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మందుగా మారుస్తుంది. ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువు మన ప్రాంతపు వాళ్లలో సుమారు సగం మందికి కనీసం ఒక వైపు నుంచి బలహీనంగా వస్తుంది. రెండు వైపులా బలహీనంగా ఉన్నవాళ్లు తక్కువే అయినా, వాళ్లలో మందు పెద్దగా తయారవదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఈ మందు మీద హెచ్చరిక వేయించింది. మన దేశంలో ఇంతగా వాడే మందు గురించి ఈ సంగతి ఇళ్లలో ఇంత ఆలస్యంగా తెలియడం నాకు బాధగానే ఉంది.

అయినా స్టెంట్ వేసిన ప్రతివాళ్లకూ ఈ పరీక్ష చేయడం లేదు, చేయాల్సిన అవసరమూ లేదు. ఒక కాపీ బలహీనంగా ఉన్నవాళ్లలో చాలామంది బాగానే ఉంటారు. మందు వాడుతుండగానే మళ్లీ గుండెనొప్పి వచ్చినా, స్టెంట్ మూసుకుపోయినా, ముఖ్యమైన రక్తనాళంలో స్టెంట్ వేసినా, ఒకటికి మించి స్టెంట్లు పడినా పరీక్ష వల్ల ప్రయోజనం ఉండొచ్చు. మీవారిది వీటిలో ఏదో కార్డియాలజిస్టుకు తెలుసు, ఆయన్నే అడగండి. పరీక్ష బాగా లేకపోతే టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్ అని వేరే మందులున్నాయి. అవి ఈ ఎంజైము మీద అంతగా ఆధారపడవు. కానీ వాటితో రక్తస్రావం భయం ఎక్కువ. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసంగా ఉంటుంది, రోజుకు రెండుసార్లు మర్చిపోకుండా వేసుకోవాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రాసుగ్రెల్ ఇవ్వరు. అంటే ఏది మంచిదనేది మనిషిని చూసి తేల్చాల్సిన విషయం.

జీన్ టెస్ట్ కంటే ముందు మీరు చేయాల్సిన పని ఒకటి కళ్లెదురుగానే ఉంది. ఆ ఒమెప్రజోల్. అది సరిగ్గా ఇదే ఎంజైముకు అడ్డుపడి, ఉన్న బలాన్నీ తగ్గిస్తుంది. మీవారి జన్యువులు నిక్షేపంగా ఉన్నా, ఆ గ్యాస్ మాత్ర వల్ల బలహీనంగా ఉన్నట్టే అవుతుంది. దాని బదులు పాంటోప్రజోల్ వేసుకోవచ్చా అని రేపే డాక్టరును అడగండి. దాంతో ఈ ఇబ్బంది తక్కువ. షాపులో చెప్పి తెచ్చుకున్న మందులన్నీ డాక్టరు ముందు బల్ల మీద పెట్టండి, గ్యాస్ మాత్రే కదా అని వదిలేయకండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం చెడిపోయింది. ఆరేళ్ల కిందట మైట్రల్ వాల్వు మార్చి మెటల్ వాల్వు పెట్టారు. రోజూ ఎసిట్రోమ్ వేసుకుంటాను. ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే అంకె) ఒకసారి 1.8, ఒకసారి 4.6 వస్తోంది. ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు. మాది గుంటూరు, గోంగూర లేకుండా అన్నం ఎట్లా తినేది? నాతోపాటు అదే వార్డులో ఆపరేషన్ చేయించుకున్న ఆవిడకు 4 మిల్లీగ్రాములు వేస్తే నాకు 2 మిల్లీగ్రాములకే రక్తం పలచబడిపోతోంది. ఎందుకు?

జవాబు: అమ్మా, గోంగూర తినండి. మానేయమనడం కంటే ‘ఒకే లెక్కన తినండి’ అనడం సరైన సలహా. ఎసిట్రోమ్ విటమిన్ కె పనికి అడ్డుపడి రక్తాన్ని పలచగా ఉంచుతుంది. ఆకుకూరల్లో ఉండేదీ ఆ విటమిన్ కె నే. నాలుగు రోజులు పూర్తిగా మానేసి, అయిదో రోజు నోరు కట్టుకోలేక పెద్ద గిన్నెడు పప్పుగోంగూర తింటే, ఐఎన్‌ఆర్ ఉయ్యాల ఊగుతుంది. వారానికి రెండు రోజులు, ఒకే గరిటెతో, అంతే కొలతగా తినండి. ఆ కొలతకు తగ్గట్టు డాక్టరు డోసు సరిచేస్తారు. తోటకూర, పాలకూర, మునగాకు అన్నిటికీ ఇదే పద్ధతి.

మీ ఉత్తరంలో తేదీలు కూడా రాశారు కాబట్టి ఒక విషయం పట్టుకోగలిగాను. 4.6 వచ్చింది కార్తీకమాసంలో. ఆ నెలంతా ఒంటిపూట భోజనం చేశానని మీరే రాశారు. తిండి తగ్గింది, మందు తగ్గలేదు. ఉపవాసాలు చేయాలనుకుంటే నెల మొదలవకముందే మీ డాక్టరుకు చెప్పి, ఆ నెలలో ఐఎన్‌ఆర్ పరీక్ష మామూలుకంటే తరచుగా చేయించుకోండి. విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడినా, ఫంగస్‌కు ఫ్లుకోనజోల్ వాడినా ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. మోకాళ్ల నొప్పులకు షాపులో కొనే నొప్పి మాత్రలు మీకు అస్సలు వద్దు.

ఇక పక్క మంచం ఆవిడ సంగతి. ఆవిడకూ మీకూ వాల్వు ఒకటే కావచ్చు, సర్జన్ ఒకరే కావచ్చు. కానీ ఈ మందును ఒంట్లోంచి పంపేసే ఎంజైము కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. మందు వెళ్లి తగలాల్సిన చోటు కొందరిలో సున్నితంగా ఉంటుంది. ఈ రెండూ పుట్టుకతో వచ్చే తేడాలే. 2 మిల్లీగ్రాములు చాలడం మీ ఒంటి తీరు. ఆవిడ డోసు ఆవిడ ఒంటి తీరు. ఈ తేడాలను జన్యు పరీక్షతో కూడా చూడొచ్చు. మందు మొదలుపెట్టేటప్పుడైతే అది కొంత ఉపయోగం. మీరు ఆరేళ్లుగా వాడుతున్నారు, మీ ఐఎన్‌ఆర్ పుస్తకమే మీ గురించి ఆ పరీక్షకంటే ఎక్కువ చెబుతుంది. మైట్రల్ మెటల్ వాల్వుకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ ఫైల్లో మీ డాక్టరు రాసిన అంకెనే పాటించండి. ఇంకోమాట, ఆవిడతో స్నేహం కొనసాగించండి గానీ మాత్రలు మాత్రం ఒకరివొకరు ఇచ్చిపుచ్చుకోకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. మా అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. వయసు 81. షుగరు 20 ఏళ్లుగా ఉంది. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 7.8 వచ్చింది. 6.5 లోపు ఉండాలని చదివాను. డాక్టరు గారు మందు పెంచనంటున్నారు. నిర్లక్ష్యం చేస్తున్నారేమో అని భయంగా ఉంది. అమ్మ రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోయింది కూడా.

జవాబు: బాబూ, ఆ డాక్టరుకు నా తరఫున కూడా కృతజ్ఞతలు చెప్పండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యాన్ని చివర్లో రాశారు. తెల్లవారుజామున చెమటలు పట్టి పడిపోవడం షుగరు బాగా పడిపోయిన లక్షణం. ఒంటరిగా ఉన్న 81 ఏళ్ల మనిషికి 7.8 వల్ల వచ్చే ప్రమాదంకంటే, ఒక్కసారి షుగరు 50కి పడిపోయి బాత్రూములో తుంటి ఎముక విరగడం వల్ల వచ్చే ప్రమాదం ఎక్కువ. 6.5 అనేది ముప్పై నలభై ఏళ్ల ఆయుష్షు ముందున్న మనిషికి కళ్లు, కిడ్నీలు కాపాడటం కోసం పెట్టుకునే లెక్క. అమ్మ వయసులో, ఇంకేవైనా జబ్బులుంటే, 8 దాకా ఉండనిస్తారు.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడుతున్నారేమో చూడండి. వయసుతో కిడ్నీ పని తగ్గితే అవి ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయి షుగరును పడగొడతాయి. ఆ రెండుసార్లు పడిపోయిన సంగతి డాక్టరుకు అమ్మ చెప్పిందో లేదో ముందు కనుక్కోండి. పిల్లలు కంగారుపడతారని పెద్దవాళ్లు ఇలాంటివి దాచేస్తారు. కిడ్నీ పరీక్ష, హిమోగ్లోబిన్ కూడా చేయించండి. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రాత్రికి చేయగలిగింది: మంచం పక్కన గ్లూకోజ్ పొడి డబ్బా, గ్లాసుతో నీళ్లు, పక్కింటివాళ్ల నంబరు పెద్ద అంకెలతో రాసిన కాగితం పెట్టించండి.

ప్రశ్న: వయసు 31, హైదరాబాద్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సన్నగా ఉంటాను. నాన్నకు 42 ఏళ్లకే షుగరు వచ్చింది. ఉమ్మి శాంపిల్ పంపిస్తే డీఎన్‌ఏ చూసి నాకు షుగరు వస్తుందో రాదో, ఏం తినాలో చెప్పే ప్యాకేజీ ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: ఆ డబ్బుతో ముందు ఒక టేపు కొనండి, దర్జీలు వాడేది. బొడ్డు చుట్టూ కొలవండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే సన్నగా కనిపించినా సన్నగా ఉన్నట్టు కాదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యూడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్ల ఒంటి తీరు అది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క.

మామూలుగా పెద్దయ్యాక వచ్చే షుగరులో ఎన్నో జన్యువుల చేయి ఉంటుంది, ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. వాటిని కూడి మీకు వస్తుందో రాదో తేల్చిచెప్పడం ఇప్పటికి కుదరని పని. ఏం తినాలో చెప్పడం ఇంకా కుదరనిది. 42 ఏళ్లకే షుగరు వచ్చిన నాన్న ఉన్నాడు, అదే మీ డీఎన్‌ఏ రిపోర్టు. ఏడాదికోసారి పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. ఒకవేళ మీ ఇంట్లో తాత, నాన్న, మీ తరం అందరికీ 25 ఏళ్ల లోపే, లావు లేకుండా షుగరు వచ్చి ఉంటే అది వేరే సంగతి. దాన్ని మోడీ (MODY) రకం షుగరు అంటారు. అందులో ఒక్క జన్యువే కారణం, దాన్ని పరీక్షించి తేలిస్తే కొందరికి ఇన్సులిన్ సూదులు పోయి మాత్రలతో సరిపోతుంది. అలాంటి కుటుంబాలు నిమ్స్ లాంటి చోట్ల ఉన్న జన్యు వైద్య విభాగాన్ని సంప్రదించాలి.

ప్రశ్న: పాడేరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని. మా తొమ్మిదో తరగతి పిల్లాడికి మలేరియా వచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజుకు మూత్రం కోకాకోలా రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో చేర్చితే మందు ఆపి, రక్తం ఎక్కించి కాపాడారు. ‘జీ6పీడీ తక్కువ’ అని కాగితం మీద రాసిచ్చారు. ఇది జబ్బా? మళ్లీ మలేరియా వస్తే మందు వేయకూడదా?

జవాబు: టీచర్ గారూ, మూత్రం రంగు చూసి వెంటనే తీసుకెళ్లారు, దానివల్లే ఆ పిల్లాడు దక్కాడు. ఇది ఎర్ర రక్తకణాల్లో ఉండే ఒక ఎంజైము లోపం. మామూలుగా ఉన్నప్పుడు పిల్లాడు ఆడతాడు, పాడతాడు, ఏమీ తెలియదు. వైవాక్స్ అనే రకం మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ రాకుండా 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ ఈ ఎంజైము లేనివాళ్లలో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువ. ఈ లోపమున్నవాళ్లకు మలేరియా ముదరకుండా కొంత రక్షణ ఉండటం వల్ల అది తరం తర్వాత తరం నిలిచిపోయింది. అంటే ఆ పిల్లాడి పూర్వీకులను కాపాడిందీ, ఇప్పుడు ఈ మాత్రతో పిల్లాడిని ఇబ్బందిపెట్టిందీ ఒకటే.

మలేరియాకు మిగతా మందులు చాలావరకు వేయొచ్చు. ప్రైమాక్విన్ విషయంలో మాత్రం డాక్టరే నిర్ణయించాలి. లోపం మరీ ఎక్కువ కాకపోతే వారానికొకసారి చొప్పున 8 వారాలు, రక్తం చూస్తూ ఇచ్చే పద్ధతి ఒకటుంది. స్కూల్లో సొంతంగా వేయకండి. బట్టల పెట్టెల్లో వేసే నాఫ్తలీన్ గోళీలను కూడా ఈ పిల్లాడికి దూరంగా ఉంచండి.

ఆ లోపం తల్లి నుంచి కొడుకుకు వస్తుంది. ఆడపిల్లలు చాలావరకు మోస్తారు, మగపిల్లల్లో బయటపడుతుంది. అందుకని ఆ అబ్బాయి అన్నదమ్ములకు, మేనమామలకు, పిన్ని, పెద్దమ్మల కొడుకులకు ఈ పరీక్ష చేయించమని ఏఎన్‌ఎమ్‌కు చెప్పండి. వాళ్లలో ఎవరైనా మీ స్కూల్లోనే చదువుతున్నారేమో రిజిస్టరు చూడండి. మీ హాస్టల్ ఆరోగ్య రికార్డులో ఈ పిల్లాడి పేరు పక్కన ‘ప్రైమాక్విన్ డాక్టరును అడగకుండా ఇవ్వరాదు’ అని ఎర్ర ఇంకుతో రాసి, అదే మాట వాళ్లమ్మకు ఆమె భాషలో చెప్పించండి. పదో తరగతి అయ్యాక పిల్లాడు వేరే ఊరికి వెళ్తాడు, రికార్డు మీ స్కూల్లోనే ఉండిపోతుంది. కాబట్టి ఆ మందు పేరును పిల్లాడి చేతే పదిసార్లు పలికించండి.